నాంచారి అడగని మాట

అనగనగా అంటే చాలు, సింహం ఏది, రాజు ఏడి అని మొదలుపెడతారు మీరు. ఈ కథలో సింహమూ లేదు, రాజూ లేడు. ఒక అడవి ఉంది. అడవి నిండా కబుర్లు ఉన్నాయి. ఆ కబుర్లను ఇటునుంచి అటూ, అటునుంచి ఇటూ చేరవేసే నాంచారి అనే బెట్టుడుత ఉంది. బెట్టుడుత అంటే మన పెరట్లో తిరిగే ఉడుత కాదు. పిల్లి అంత ఉంటుంది. ఒంటిమీద ఎర్రటి బొచ్చు, వెనక మూరెడు తోక. చెట్టు దిగి నేలమీద కాలు పెట్టడం దానికి నామోషీ. ముందే చెబుతున్నాను, ఇది నవ్వించే కథ కాదు. మధ్యలో ఏడుపొస్తే నన్ను తిట్టకండి.

నాలుగు వైపుల నుంచీ వచ్చిన కొమ్మలన్నీ కలిసే చోట ఒక పెద్ద మద్దిచెట్టు ఉండేది. నాంచారి ఇల్లు అదే. ఎవరు ఎవరికి కబురు పంపాలన్నా ఆ చెట్టు దగ్గరికే రావాలి. మన హాల్లో టీవీ పక్కన పచ్చ లైట్లు మినుకుమినుకుమంటూ ఒక పెట్టె ఉంటుంది కదూ, రౌటర్. అది ఆగిపోతే ఇంట్లో అందరూ ఒక్కసారే అరుస్తారు చూడండి, అదే. నాంచారి ఆ అడవికి రౌటర్ అన్నమాట. కాకపోతే దీనికి తోక ఉంది.

కబుర్లు మోసేవి చిన్న ఉడుతలు. వాటి బుర్ర ఎంత, పాపం! నాలుగు మాటలు మించితే గుర్తుండవు. అందుకని కబురు పెద్దదైతే నాంచారి దాన్ని ముక్కలు చేసేది. ఒక్కో ఉడుతకు ఒక్కో ముక్క చెప్పేది. అది ఎవరికి వెళ్ళాలో, ఎన్నో ముక్కో కూడా చెప్పేది. ఒక ఉడుత ఈ కొమ్మ మీదుగా, ఇంకో ఉడుత ఆ కొమ్మ మీదుగా పరిగెత్తేవి. వెనక బయల్దేరింది ముందు చేరినా చిక్కేమీ లేదు. చేరిన చోట ముక్కల్ని వరసగా పెట్టుకుంటే కబురు తయారు. మీరు ఫోన్లో పంపే ఫొటో కూడా ఇలాగే ముక్కలై వెళ్తుంది. ఆ ముక్కల్ని ప్యాకెట్లు అంటారు. పాల ప్యాకెట్లు కావు.

ఎవరి ఇల్లు ఎక్కడో చెప్పడానికి పక్క తొర్రలో ఒక ముసలి గుడ్లగూబ ఉండేది. ‘కుందేలు చెన్నమ్మ’ అని పేరు చెబితే చాలు, ‘పుట్ట పక్కన, కలివిపొద కింద’ అని కళ్ళు తెరవకుండానే అడ్రసు చెప్పేది. మన ఇంటర్నెట్‌లో పేరు చెబితే అడ్రసు చెప్పే పనిని డీఎన్‌ఎస్ చేస్తుంది. అది కళ్ళు తెరుస్తుందో లేదో నాకు తెలియదు.

వీటన్నిటికన్నా ముఖ్యం, పద్ధతి. కబురు పంపేముందు నాంచారి ఒక ఉడుత చేత అడిగించేది: “ఉన్నావా?”

అవతలివాళ్ళు అనాలి: “ఉన్నాను. నువ్వున్నావా?”

నాంచారి అనాలి: “ఉన్నాను, విను.”

అప్పుడుగానీ కబురు కదలదు. కదిలాక ప్రతి ముక్కకూ ‘అందింది’ అని జవాబు రావాలి. రాకపోతే ఆ ముక్క మళ్ళీ పంపాలి. అప్పటికీ రాకపోతే ఉడుతల్ని దగ్గర కూర్చోబెట్టుకుని, దారిలో ఏమైందో అడగాలి. అందరూ ఒప్పుకుని పాటించే ఇలాంటి పద్ధతిని ప్రోటోకాల్ అంటారు. ఈ పద్ధతికి కంప్యూటర్లలో టీసీపీ అని పేరు. పేరు మరిచిపోయినా ఏమీ అనను.

ఉడుతల్లో ఒక గుణం ఉంది, అది కూడా విని ఉంచండి. ఏం చేయాలో అడుగుతాయి గానీ, ఇచ్చిన మాట తప్ప ఇంకో కబురు అవి సొంతంగా చెప్పవు. దారి తెగిపోతే మోస్తున్న మాటను అక్కడే వదిలేసి వెనక్కి వచ్చేస్తాయి. ఏమైందని అడిగితే చెబుతాయి. అడగకపోతే గింజలు కొరుక్కుంటూ కూర్చుంటాయి.

ఇక మంగమ్మ సంగతి. వాగు అవతల పెద్ద వెదురుపొద ఉండేది. ఆ పొదలో కుందేళ్ళు, ముంగిసలు, ఒళ్ళంతా పొలుసులుండే అలుగులు కాపురముండేవి. వాటన్నిటికీ పెద్దదిక్కు మంగమ్మ అనే ఏదుపంది. పొదకు ఏ కబురొచ్చినా మంగమ్మకే రావాలి, మంగమ్మే అందరికీ చెప్పాలి. నాంచారికీ మంగమ్మకూ ప్రాణస్నేహం. ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవాళ్ళు. మంగమ్మ చెట్టెక్కలేదు, నాంచారి చెట్టు దిగదు. అయినా వారానికోసారి మంగమ్మ వాగు దాటి వచ్చి మద్దిచెట్టు మొదట్లో కూలబడేది. నాంచారి కింది కొమ్మమీద కూర్చుని తునికిపండ్లు విసిరేది. ఇద్దరూ అడవిలో వాళ్ళందరి గురించీ మాట్లాడుకునేవాళ్ళు.

పొదలో వాళ్ళకు ఎండాకాలం వస్తే ఒకటే భయం, మంట. పొద ఎంత చిక్కనంటే లోపల్నుంచి ఆకాశం కనిపించదు. పొగవాసన ఏదో ఒక మూలనుంచి రోజూ వస్తూనే ఉంటుంది. మంట ఎటునుంచి వస్తోందో మాత్రం తెలియదు. ఒక ఏడు కొన్ని కుందేళ్ళు కంగారుపడి, నీళ్ళున్న చోటికే పోదామని వాగుకేసి పరిగెత్తాయి. ఆ ఏడు మంట వాగు గట్టు వెంటే వచ్చింది. అవి ఎదురెళ్ళి మంటలో పడ్డాయి. అప్పటినుంచి పొదలో ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. కొండమీది గద్ద మంటను చూసి నాంచారికి చెప్పాలి. నాంచారి మంగమ్మకు చెప్పాలి. ఎటు వెళ్ళాలో కబురొచ్చేదాకా పొదలోంచి ఎవరూ కదలకూడదు. అంటే ఆ పొదలో ప్రాణాలన్నీ నాంచారి పంపే మాటమీద ఉన్నాయి.

ఈ కథ జరిగిన ఏడు, వేసవి మొదట్లో ఒక నెమలి మద్దిచెట్టు దగ్గరికి వచ్చింది.

“నాంచారీ, ఇవాళ నా ఆట ఉంది. అందరినీ పిలవాలి” అంది.

“అలాగే. ఉన్నారో లేదో ముందు కనుక్కుంటాను” అంది నాంచారి.

“కనుక్కుంటూ కూర్చుంటే పొద్దు గూకుతుంది! నన్ను చూడు. కొమ్మెక్కి ఒక్క కేక పెడతాను. వినేవాళ్ళు వింటారు, విననివాళ్ళు పోతారు. నాకు జవాబులు అక్కర్లేదు” అంది నెమలి.

నాంచారి సరేనంది. ‘ఉన్నావా’ లేదు, ‘అందింది’ లేదు. ఉడుతల్ని అన్ని కొమ్మల మీదికీ ఒక్కసారే తోలేసింది. ఎండ తిరిగేలోపు బోలెడంత మంది వచ్చేశారు. ఇద్దరో ముగ్గురో రాలేదు, వాళ్ళను ఎవరూ తలుచుకోలేదు. నిజానికి ఆటకు అదే సరైన పద్ధతి. ఫోన్లో అమ్మమ్మతో చూస్తూ మాట్లాడుతుంటే మధ్యలో ఆవిడ ముఖం గళ్ళుగళ్ళుగా అయిపోతుందా? పోయిన ముక్కకోసం ఆగకుండా ముందుకు వెళ్తే తప్ప ఆ మాటలు సాగవు. దాని పేరు యూడీపీ. దాన్ని కనిపెట్టినవాళ్ళేం తెలివితక్కువవాళ్ళు కాదు. ఎక్కడ వాడాలో తెలుసుకుని వాడాలి, అంతే.

నాంచారికి ఆ తెలుసుకోవడమే కుదరలేదు. రెండోసారి, నేరేడుపండ్లు రాలాయన్న కబురు కూడా అలాగే పంపింది. దుప్పులు వచ్చాయి, కోతులు వచ్చాయి. కొందరికి కబురు అందలేదు. అందనివాళ్ళకు అందలేదన్న సంగతే తెలియదు కనక ఎవరూ గొడవ చేయలేదు. “అబ్బ, ఎంత తొందరగా వచ్చిందమ్మా కబురు!” అని వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు. నాంచారి ఉబ్బిపోయింది. ఇక ప్రతిదానికీ అదే పద్ధతి పెట్టేసింది. ‘అందింది’ అని మోసుకొచ్చే ఉడుతల్ని కూడా కొత్త కబుర్లకు వాడుకోవచ్చు కదా అనుకుంది.

ఆ వారం మంగమ్మ వచ్చింది. కడుపుతో ఉంది, నెమ్మదిగా నడుస్తోంది. చెట్టు మొదట్లో కూర్చుని పండు నోట్లో పెట్టుకుంటూ అడిగింది.

“వదినా, ఈమధ్య ‘ఉన్నావా’ అని అడగడం మానేశావేం?”

“అదంతా పాతకాలపు పద్ధతి. ఇప్పుడు కబుర్లు ఎంత తొందరగా వెళ్తున్నాయో చూశావా?”

“ఆటకు ఎలా పిలిచినా ఏం కాదు. మంట వచ్చినప్పుడు కూడా ఇలాగే చేస్తావా?”

నాంచారికి చురుక్కుమంది. అడవంతా మెచ్చుకుంటుంటే సొంత మనిషే తప్పు పడుతోంది.

“నాకు పని నేర్పడానికి వచ్చావా?” అంది.

“నేర్పడం కాదు వదినా, భయమేసి అడుగుతున్నా. పిల్లలు పుట్టబోతున్నారు.”

“నేలలో గడ్డలు తవ్వుకునేదానివి! కొమ్మల మీద దారుల సంగతి నీకేం తెలుసు?”

ఆ మాట నోరుజారి వచ్చేసింది. వచ్చాక నాంచారికే చెడ్డగా అనిపించింది. మంగమ్మ కింద ఉన్న పండ్లను అలాగే వదిలేసి, ముళ్ళు నేలకు రాసుకుంటూ వెళ్ళిపోయింది. వెనక్కి పిలుద్దామని నాంచారికి నోటిదాకా మాట వచ్చింది. పిలవలేదు. రేపో మాపో తనే వస్తుందిలే అనుకుంది.

తర్వాత ఒక సాయంత్రం ఈదురుగాలి వచ్చింది. వాగు మీదుగా అవతలి ఒడ్డుకు ఒకే ఒక పెద్ద కొమ్మ వంగి ఉండేది. వెదురుపొదకు ఉడుతలు వెళ్ళే దారి అదొక్కటే. ఆ కొమ్మ ఫెళ్ళున విరిగి వాగులో పడి కొట్టుకుపోయింది. వేసవిలో కూడా నిండుగా పారే వాగు అది, చిన్న ఉడుతలు దాటలేవు. ఈ సంగతి మీకు చెబుతున్నాను గానీ నాంచారికి తెలియదు. పాత పద్ధతి ఉంటే మర్నాడు పొద్దున్నే తెలిసిపోయేది. ఒక్క ‘అందింది’ రాకపోతే చాలు, తెలిసిపోయేది.

రోజులు గడిచాయి. మంగమ్మ రాలేదు, మంగమ్మ దగ్గర్నుంచి ఒక్క ముక్క కూడా రాలేదు.

‘అలిగింది’ అనుకుంది నాంచారి. ‘అలగనీ. ఎన్నాళ్ళు అలుగుతుందో నేనూ చూస్తాను.’

మొదట కోపంగానే అనుకుంది. తర్వాత దిగులుగా అనుకుంది. తునికిపండ్లు పండి రాలిపోతుంటే చూస్తూ కూర్చునేది. ఒక ఉడుతను పిలిచి, ‘ఉన్నావా?’ అని పంపితే సరిపోయేది. కానీ మంగమ్మ ముఖం మీదే పాతకాలపు పద్ధతి అనేసింది కదా, ఇప్పుడు మళ్ళీ ఆ మాటే తను ముందు అడగాలా? ఆ ఒక్క మెట్టూ దిగలేకపోయింది.

ఒక మధ్యాహ్నం గద్ద కొండమీంచి ఊపిరాడకుండా వచ్చి వాలింది.

“నాంచారీ! పడమటి మిట్టమీంచి మంట దిగుతోంది. గాలి వెదురుపొద మీదికే కొడుతోంది. తూర్పున వాగు వైపు ఖాళీగా ఉంది. ఇప్పుడే బయల్దేరి వాగులోకి దిగమని చెప్పు. నేను వెళ్ళి అరిస్తే కుందేళ్ళు హడలిపోయి ఇంకా లోపలికి దాక్కుంటాయి.”

నాంచారి ఉడుతల్ని పిలిచింది. ‘ఉన్నావా’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మంగమ్మ ముఖం తిప్పుకుని జవాబివ్వకపోతే? అలక మానకపోతే? అడగడమెందుకు, చెప్పాల్సింది చెప్పేస్తే సరిపోతుంది కదా అనుకుంది.

“పడమట మంట. తూర్పుకు నడవండి. వాగులోకి దిగండి. ఇప్పుడే బయల్దేరండి. నాలుగు ముక్కలు, మంగమ్మకు. పరిగెత్తండి!”

ఒక ముసలి ఉడుత ఆగి అడిగింది. “అమ్మా, ‘అందింది’ తీసుకురావాలా?”

“అక్కర్లేదు. వెళ్ళు!”

ఉడుతలు వెళ్ళాయి, ఇట్టే తిరిగొచ్చి కొమ్మమీద కూర్చున్నాయి. చాలా చురుగ్గా వెళ్ళొచ్చాయనుకుంది నాంచారి. గద్ద గాల్లో ఒక చుట్టు చుట్టి వచ్చింది. “పొదలోంచి ఎవరూ బయటికి రావడం లేదే!” అంది. నాంచారి రెండోసారి పంపింది. మళ్ళీ వెళ్ళాయి, మళ్ళీ వచ్చాయి. గద్ద మళ్ళీ వచ్చింది. “ఇంకా ఎవరూ కదలలేదు నాంచారీ, మంట దగ్గరికొచ్చేసింది!” అంది. మూడోసారి నాంచారి అరిచి మరీ చెప్పింది. అరిచి చెప్పినా, మెల్లగా చెప్పినా ఉడుతలకు ఒకటే. వెళ్ళి వాగు ఒడ్డున మాటను వదిలేసి వచ్చాయి.

అంతలో వెదుళ్ళు పేలడం వినిపించింది. ఎండు వెదురు కాలితే టపాకాయల్లా పేలుతుంది. ఆ చప్పుడు చాలాసేపు వచ్చింది. తర్వాత ఆగిపోయింది.

నాంచారి ఉడుతల వైపు తిరిగింది.

“మంగమ్మకు చెప్పారా?”

“లేదమ్మా” అంది ముసలి ఉడుత.

“లేదా!”

“వాగు మీద కొమ్మ లేదమ్మా. విరిగిపోయింది.”

“ఎప్పుడు?”

“ఈదురుగాలి వచ్చినప్పుడు.”

“ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదేం?”

“నువ్వు అడగలేదు కదమ్మా.”

ఉడుత ఆ మాట ఎత్తిపొడుపుగా అనలేదు. దానికి ఎత్తిపొడవడం రాదు. ఉన్నమాట చెప్పింది. నాంచారి కొమ్మను గట్టిగా పట్టుకుంది. తర్వాత, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చేయని పని చేసింది. చెట్టు దిగింది. నేలమీద నడుచుకుంటూ వాగు ఒడ్డుకు వెళ్ళింది.

అవతలి ఒడ్డంతా నల్లగా ఉంది. ఇంకా పొగ వస్తోంది. వాగులోంచి ఒక ముసలి అలుగు ఈదుకుంటూ వచ్చి ఒడ్డున పడింది. నేలలోకి లోతుగా తవ్వుకుని దాక్కోవడం వల్ల అదొక్కటీ బతికింది. దాని పొలుసులు అంచుల్లో మాడిపోయాయి.

“తాతా, మంగమ్మ వదిన ఏది?” అంది నాంచారి.

అలుగు తల అడ్డంగా ఊపింది.

“పిల్లలో?”

“ముగ్గురు పుట్టారు. ఇంకా ముళ్ళు గట్టిపడలేదు.” అలుగు కాసేపు దగ్గింది. “నీ గురించి రోజూ చెప్పేదమ్మా. ఈదురుగాలి వచ్చిన మర్నాటి నుంచి పొద్దున్నే పొదలో ఉండే ఉడుతను పిలిచి ‘ఉన్నావా’ అని నీకు పంపేది. నీ జవాబు లేకుండానే అది తిరిగొచ్చేది, దారిలో ఏమైందో మేమెవరం అడగలేదు. ‘వదినకు ఇంకా కోపం పోలేదు తాతా, నేను ఆ రోజు అలా అడిగి ఉండకూడదు’ అని బాధపడేది. ‘పిల్లలు కాస్త నడిస్తే తీసుకెళ్ళి చూపిస్తాను, అప్పుడు కోపం అదే పోతుంది’ అనేది.”

నాంచారి రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

“ఇవాళ పొగ ఎక్కువైంది. కుందేళ్ళు పారిపోదామన్నాయి. నేనూ పోదామన్నాను. మంగమ్మ వెళ్ళనివ్వలేదు.”

“ఎందుకు తాతా?”

“‘నాంచారి వదినకు నామీద కోపమే, కాదనను’ అంది. ‘కానీ మంట వస్తే మాత్రం చెప్పకుండా ఉండదు. కబురు రాలేదంటే మంట మనవైపు లేనట్టే. కదలకండి’ అంది. ఆఖరిదాకా ఆ మాటే అంది.”

వాగు నీళ్ళు గలగలమంటూ పోతూనే ఉన్నాయి. నాంచారికి ఏడుపు కూడా రాలేదు. ఆ ఒడ్డున చాలాసేపు అలాగే కూర్చుంది. గద్ద వచ్చి పక్కన వాలింది.

“నీ తప్పేముంది నాంచారీ, ఊరుకో. నువ్వు మూడుసార్లు పంపావు. నేను చూశాను కదా” అంది.

“పంపాను మామా” అంది నాంచారి. “పంపాననుకుని కూర్చున్నాను. అందిందా అని ఒక్కసారీ అడగలేదు. వదిన నన్ను రోజూ అడిగింది.”



మర్నాటి నుంచి మద్దిచెట్టు దగ్గర పాత పద్ధతి మళ్ళీ వచ్చింది. నెమలి ఆటకు మాత్రమే కేక, మిగతా ప్రతి కబురుకూ జవాబు. ఆలస్యమవుతోందని దుప్పులు విసుక్కున్నా నాంచారి వినలేదు. వానలు పడ్డాయి. ఇవతలి ఒడ్డున ఇంకో కొమ్మ సాగి వాగును దాటింది, దారి మళ్ళీ కలిసింది. ఆ దారిన పంపడానికి నాంచారి దగ్గర ఎన్నో మాటలు ఉన్నాయి. వాటిని అందుకోవడానికి అవతల ఎవరూ లేరు.

నీతి: మాట పంపినంత మాత్రాన చెప్పినట్టు కాదు, అవతలివాళ్ళకు అందిందని తెలిశాకే చెప్పినట్టు; మనవాళ్ళు ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే అలిగారని కూర్చోకుండా, మనమే ముందు అడగాలి.